కాదనగలిగిన రైతు

2014 ఫిబ్రవరి 24న ఫ్రాన్స్‌లోని డిజోన్ పట్టణంలో ఒక రైతు కోర్టు బోనులో నిలబడ్డాడు. అతను దొంగతనం చేయలేదు, అప్పు ఎగ్గొట్టలేదు, ఎవరి గట్టూ జరపలేదు. తన తోటలో పురుగుమందు కొట్టనన్నాడు. నేరం అదే. ఆ నేరానికి చట్టం ప్రకారం ఆరు నెలల జైలు, 30 వేల యూరోల జరిమానా దాకా పడవచ్చు. కోర్టు బయట వందలాది మంది అతనికి మద్దతుగా నిలబడ్డారు. ఐదు లక్షల మందికి పైగా అతని పక్షాన సంతకాలు పెట్టారు.

అతని పేరు ఎమ్మాన్యుయేల్ జిబులో. బర్గండీ ప్రాంతంలో, బోన్ పట్టణం దగ్గర, సుమారు 25 ఎకరాల ద్రాక్షతోట. ఆ ద్రాక్షతో తనే వైన్ తయారు చేసి, సీసాల్లో పోసి, తన పేరుతో అమ్ముకునే కుటుంబ రైతు.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. మన ఊళ్లలో ‘వైన్స్’ అంటే బ్రాందీ షాపు. సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంట మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. తాగుడు వల్ల కూలిన ఇళ్లు ఎన్నో మన కార్యకర్తలకు తెలుసు. ఈ వ్యాసం మద్యాన్ని పొగడటానికి రాసింది కాదు. బర్గండీలో వైన్ అంటే ముందుగా పంట. మనకు గుంటూరు మిర్చి ఎలాగో, చిత్తూరు మామిడి ఎలాగో వాళ్లకు ఆ ద్రాక్ష అలాగ. ఆ పంట పండించే రైతు తన పొలంలో ఏం చల్లాలో ఏం చల్లకూడదో తనే చెప్పగలిగాడు. ప్రభుత్వం వచ్చి చల్లమంటే కాదన్నాడు. ఆ ‘కాదు’ అనే శక్తి అతనికి ఎక్కడి నుంచి వచ్చింది? మనకెందుకు లేదు? ఈ రెండు ప్రశ్నలే మన ముందున్నవి.

ఆ తోట, ఆ బతుకు

ద్రాక్షతీగ ఏడాది పంట కాదు. నాటితే నలభై, యాభై ఏళ్లు, ఇంకా ఎక్కువ కూడా కాస్తుంది. తాత నాటింది మనవడు కోస్తాడు. చలికాలం అంతా కత్తెర పట్టుకుని కొమ్మ కత్తిరింపులు. ఏ కన్ను ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఒక్కో తీగ దగ్గరా ఆగి చూసి తేల్చుకోవాలి. ఏప్రిల్‌లో చిగురు వస్తుంది. ఆ రోజుల్లో ఒక్క రాత్రి మంచు గట్టిగా కురిస్తే ఆ ఏడాది పోయినట్టే. జూన్‌లో పూత. పూత నుంచి సుమారు వంద రోజులకు కోత. కోత అయ్యాక తొట్లలో పులియబెట్టడం, తర్వాత ఓక్ చెక్క పీపాల్లో నెలల తరబడి నిలవ ఉంచడం. బర్గండీ పీపా 228 లీటర్లు పడుతుంది, అంటే దాదాపు 300 సీసాలు. ఇంత చేసి, తను పండించిన సరుకుకు డబ్బు కళ్లజూడాలంటే రైతు ఏడాది, రెండేళ్లు ఆగాలి.

జిబులో కుటుంబం 1970ల నుంచే రసాయనాలు లేని సాగులో ఉంది. ఆ తర్వాత ఆయన బయోడైనమిక్ పద్ధతికి వెళ్లాడు. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి పుట్టిన పద్ధతి అది. ఆవుకొమ్ములో పేడ నింపి చలికాలమంతా భూమిలో పాతిపెట్టి, తీసి, నీళ్లలో బాగా తిప్పి పొలంలో చల్లుతారు. జీవామృతం చేసుకునే మన రైతులకు ఇదేమీ వింతగా ఉండదు. ఆ పద్ధతిలో చంద్రుడి కళలు, నక్షత్రాల లెక్కలు కూడా ఉన్నాయి. వాటిని నమ్మమని మేము ఎవరికీ చెప్పడం లేదు. కానీ ఆ పద్ధతి రైతుకు నేర్పే ఒక అలవాటు మాత్రం విలువైనది. అది చూడటం. మట్టిని చేత్తో పట్టి చూడాలి, ఆకు తిప్పి చూడాలి, ఏ పురుగు దేన్ని తింటోందో చూడాలి. చూడకుండా చల్లకూడదు. పొలం అంటే పంట ఒక్కటే కాదనీ, అక్కడ బతికే అన్ని జీవుల లెక్కా రైతుకు తెలిసి ఉండాలనీ అనుకునే మనిషి జిబులో. ఆయన తాత్వికత అంతా ఇంతే. చెప్పడానికి తేలిక, నిలబడటానికి కష్టం.

ఏమిటా తెగులు?

ఆ కష్టం 2013లో వచ్చింది. ద్రాక్షకు ‘ఫ్లావెసాన్స్ దోరే’ అనే తెగులు ఉంది. ఆకులు పచ్చబడి లేదా ఎర్రబడి ముడుచుకుంటాయి, గెలలు ఎండిపోతాయి, తీగ చచ్చిపోతుంది. దానికి మందు లేదు. మన నువ్వు చేలల్లో వెర్రి తెగులు తెచ్చే ఫైటోప్లాస్మా జాతి క్రిమే దీనికీ కారణం. వెర్రి తెగులును దీపపు పురుగులు మోసినట్టే, దీన్నీ ఆ జాతి పురుగు ఒకటి ఒక తీగ నుంచి ఇంకో తీగకు మోస్తుంది. ఆ పురుగు ఐరోపాది కూడా కాదు, ఉత్తర అమెరికా నుంచి వచ్చింది. తెగులు తగిలిన తీగను పీకి తగలబెట్టాల్సిందే. ఒక తోటలో నూటికి ఇరవై తీగలకు మించి తగిలితే తోట మొత్తం పీకేయాలని అక్కడి నిబంధన.

పక్క జిల్లా సోన్-ఎ-లువార్‌లో అప్పటికే తోటలు పీకేయాల్సి వచ్చింది. దాంతో భయపడిన అధికారులు 2013 జూన్‌లో బోన్ ఉన్న కోట్-దోర్ జిల్లా అంతటా ద్రాక్షతోటలకు పురుగుమందు కొట్టి తీరాలని ఆదేశం ఇచ్చారు. సేంద్రియ రైతులకు కూడా మినహాయింపు లేదు. వాళ్లు కావాలంటే పైరెత్రిన్ వాడుకోవచ్చు. అది చామంతి జాతి పూల నుంచి తీసే సహజమైన మందు.

జిబులో దాన్ని కూడా కొట్టనన్నాడు. పువ్వు నుంచి తీసినా, ఫ్యాక్టరీలో చేసినా, అది ఒక్క ఆ పురుగునే వెతికి చంపదు. తేనెటీగనూ చంపుతుంది, పురుగుల్ని తినే పురుగునూ చంపుతుంది. నా తోట చుట్టుపక్కల తెగులు లేనప్పుడు జిల్లా అంతటా ఒకే మందు ఎందుకు చల్లాలి అన్నది ఆయన ప్రశ్న. తెగులు ప్రమాదకరం కాదని ఆయన ఎప్పుడూ అనలేదు. చూసి, అవసరమైన చోట చర్య తీసుకోండి అన్నాడు.

తోటి రైతుల్లో చాలామంది ఆయన్ని తప్పుపట్టారు. సేంద్రియ రైతులు కూడా అందరూ ఆయన పక్షాన లేరు. నువ్వు కొట్టకపోతే నీ తోట నుంచి పురుగు నా తోటకు వస్తుంది కదా అన్నారు. అది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. పక్క పొలం వాడు నిప్పు పెడితే మన గడ్డివాము అంటుకుంటుంది. ఈ ప్రశ్నకు మళ్లీ వస్తాం.

2014 ఏప్రిల్ 7న కింది కోర్టు ఆయనకు వెయ్యి యూరోల జరిమానా వేసి, అందులో 500 నిలుపుదల చేసింది. సగం జరిమానాతో సరిపోయింది కదా అని ఊరుకోలేదు ఆయన. పైకోర్టుకు వెళ్లాడు. 2014 డిసెంబరులో డిజోన్ అప్పీలు కోర్టు ఆయన్ని నిర్దోషిగా తేల్చింది. అధికారులు ఇచ్చిన ఆ ఆదేశమే చట్టబద్ధంగా లేదని చెప్పింది.

ఆ ధైర్యం వెనుక ఏముంది?

ఒక మొండి రైతు గెలిచాడని చెప్పుకుని చప్పట్లు కొడితే మనకు ఒరిగేదేమీ లేదు. మన ఊళ్లలో మొండి రైతులకు కొదవ లేదు. కానీ మొండితనంతో అప్పులవాడి ముందు నిలబడలేం. జిబులో ‘కాదు’ వెనుక కనీసం మూడు ఆధారాలు ఉన్నాయి. అవి ఆయన ఒక్కడు సంపాదించుకున్నవి కావు. ఆయనకంటే ముందు తరాల రైతులు పోరాడి తెచ్చుకున్నవి.

మొదటిది, సరుకు మీద పేరు. వందేళ్ల కిందట బర్గండీ రైతు కూడా మనలాంటి వాడే. ద్రాక్ష పండించి, వైన్ చేసి, పీపాలతో సహా బోన్ పట్టణంలోని వ్యాపారులకు అమ్మేవాడు. ధర వాళ్లు చెప్పిందే. ఆ వ్యాపారుల్లో కొందరు నాసిరకం వైన్ కలిపి మంచి ఊళ్ల పేర్లు పెట్టి అమ్మేవారు. ఈ మోసాన్ని ఎదిరించిన ఆంజెర్‌విల్, ఆంరీ గూజ్ వంటి పెంపకందారుల దగ్గర కొనడం వ్యాపారులు మానేశారు. గిట్టనివాడి సరుకు కొనకుండా ఎండగట్టడం దళారీకి ఏ దేశంలోనైనా తెలిసిన విద్యే. 1930ల మాంద్యంలో ఆ పెంపకందారులు తామే సీసాల్లో నింపి, తమ ఇంటిపేరు అచ్చు వేసి, నేరుగా కొనేవాళ్లకు అమ్మడం మొదలుపెట్టారు. 1935లో ఊరి పేరుకు చట్టపరమైన రక్షణ వచ్చింది. ఏ ఊరి పేరు ఏ నేల పంటకు వాడాలో తేల్చే చట్టం అది.

పేరు సీసా మీదికి వచ్చాక రెండు మార్పులు వచ్చాయి. ధర రైతు చేతికి వచ్చింది, బాధ్యత కూడా రైతు మెడకు వచ్చింది. తన తోటలో ఏం చల్లాడో కొనేవాడు అడుగుతాడు. జవాబు చెప్పాల్సింది రైతే. అందుకే జిబులో కొట్టనన్నప్పుడు ఆయన వెనుక కొనేవాళ్లు నిలబడ్డారు.

కమతం చిన్నదైతే ఇవన్నీ కుదరవని మనకు చెబుతుంటారు. బర్గండీలో ‘క్లో ద వూజో’ అనే పేరున్న తోట సుమారు 125 ఎకరాలు. దానికి యజమానులు దాదాపు 80 మంది! అక్కడ ఆస్తి పంపకాల్లో పిల్లలందరికీ సమాన వాటా. అందుకే మన పొలాల్లాగే ముక్కలైంది. కొందరికి కొన్ని వరుసలే ఉంటాయి. అయినా ఆ పేరు వాళ్లను బతికిస్తోంది. చిన్న రైతు బతకలేకపోవడానికి కారణం పొలం చిన్నది కావడం ఒక్కటే కాదు. పంట చేతులు మారగానే రైతు పేరు చెరిగిపోతుంది. అసలు దెబ్బ అక్కడ తగులుతోంది.

రెండో ఆధారం ఉద్యమం. దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్ ప్రాంతంలో 1900 తర్వాత వైన్ ధర కుప్పకూలింది. ఒకవైపు పంట ఎక్కువైంది. ఇంకోవైపు చక్కెర, నీళ్లు, ఎండు ద్రాక్షతో నకిలీ వైన్ చేసే వ్యాపారం పెరిగింది. 1907 మార్చి 11న ఆర్జెలియే అనే పల్లె నుంచి 87 మంది రైతులు మార్సెలాన్ ఆల్బేర్ నాయకత్వంలో నార్బొన్ పట్టణానికి నడిచి వెళ్లారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక ఊళ్లో సభ. జూన్ 9న మోంపెలియే పట్టణంలో ఐదు లక్షల మందికి పైగా చేరారు. ప్రభుత్వం సైన్యాన్ని దించింది. నార్బొన్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ ప్రాంతపు రైతు బిడ్డలే ఉన్న 17వ పటాలం సైనికులు తిరగబడ్డారు. చివరికి జూన్ 29న నకిలీని అరికట్టే చట్టం వచ్చింది. సెప్టెంబరులో, తాజా ద్రాక్షను లేదా దాని రసాన్ని పులియబెట్టి చేసిందే వైన్ అని ప్రభుత్వం నిర్వచించింది.

ఈ పోరాటంలో మన సంఘాలు గుర్తుపెట్టుకోవాల్సిన ఘట్టం ఒకటుంది. ఆల్బేర్ ఒంటరిగా పారిస్ వెళ్లి ప్రధాని క్లెమెన్సోను కలిశాడు. తిరుగు ప్రయాణానికి రైలు టికెట్ కోసమని ప్రధాని ఇచ్చిన వంద ఫ్రాంకుల నోటు తీసుకున్నాడు. ప్రధాని ఆ సంగతి పత్రికలకు చెప్పాడు. లక్షల మందిని కదిలించిన నాయకుడు ఒక్క నోటుతో పలచనయ్యాడు. అయినా ఉద్యమం ఆగలేదు. ఆ సెప్టెంబరులోనే రైతులు ద్రాక్ష పెంపకందారుల సమాఖ్య పెట్టుకున్నారు, నకిలీని పట్టుకోవడానికి సంఘం తరఫునే తనిఖీదారుల్ని నియమించుకున్నారు. చర్చలకు ఒంటరిగా వెళ్లకూడదనీ, వ్యక్తి పడిపోయినా నిలబడే నిర్మాణం కావాలనీ ఆ ఏడాది నేర్పింది.

మూడో ఆధారం భూమి మీద భరోసా. 1945-46లో ఫ్రాన్స్ కౌలుదారీ చట్టం చేసింది. వ్యవసాయ భూమి కౌలు కనీసం తొమ్మిదేళ్లు. గడువు తీరాక పొడిగించుకునే హక్కు కౌలుదారుకు ఉంది. కౌలు రేటుకు హద్దులున్నాయి. యజమాని భూమి అమ్మితే ముందుగా కొనే హక్కు కూడా కౌలు రైతుదే. అందువల్ల అక్కడ భూమి లేనివాడు కూడా నలభై ఏళ్ల తీగను నాటే ధైర్యం చేయగలడు. రేపు ఈ నేల నాదో కాదో తెలియనివాడు ఆ నేల గురించి పట్టించుకోవాలంటే ఎలా కుదురుతుంది?

మన దగ్గర కాదనే రైతు ఎక్కడ?

ఇప్పుడు మన పొలాల్లోకి వద్దాం. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చింది. అది కూడా బయటి దేశం నుంచి వచ్చిందే. గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ ప్రాంతాల్లో పూతలో చేరి చేలకు చేలు మాడ్చింది. రైతులు రోజు విడిచి రోజు మందు కొట్టారు. ఒకదానిలో ఇంకోటి కలిపి కొట్టారు. పురుగు చావలేదు, పురుగును తినే పురుగులు చచ్చాయి. నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని, ఇష్టం వచ్చినట్టు మందులు కలపవద్దని శాస్త్రవేత్తలు చెప్పే సరికే లక్షలు ఖర్చయిపోయాయి. ఆ సీజన్‌లో మిర్చి రైతుల ఆత్మహత్యలు చూశాం.

ఏ మందు కొట్టాలో ఆ రైతుకు ఎవరు చెప్పారు? ప్రభుత్వం ఆదేశం ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం లేదు. మందుల షాపు చెప్పింది. అప్పు మీద మందు ఇచ్చేది ఆ షాపే. పంట వచ్చాక కాటా వేసి తీసుకెళ్లేది చాలా ఊళ్లలో ఆ షాపువాడో, వాడి బంధువో. అప్పు ఇచ్చినవాడు, మందు అమ్మినవాడు, సరుకు కొన్నవాడు ఒక్కడే అయినప్పుడు రైతు ఏ నోటితో కాదంటాడు? ‘ఈ మందు వద్దు’ అంటే వచ్చే సీజన్‌కు అప్పు లేదు. జిబులోను బెదిరించింది కోర్టు. మనల్ని బెదిరించేది ఖాతా పుస్తకం. కోర్టు మీద పైకోర్టు ఉంది. ఖాతా పుస్తకం మీద అప్పీలు లేదు.

సరుకు మీద పేరు సంగతి కూడా చూద్దాం. 2025లో చిత్తూరు ప్రాంతంలో తోతాపురి మామిడి ధర పడిపోయి రైతులు కాయల్ని రోడ్ల మీద పోశారు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలపాలని, మొత్తం 12 రూపాయలని నిర్ణయించారు. చెట్టు రైతుది, నీళ్లు రైతువి, ఏడాది కాపలా రైతుది. కానీ కాయ గుజ్జు అయ్యే చోట రైతు లేడు. గేటు బయట ట్రాక్టర్ల వరుసలో ఉన్నాడు. నలభై ఏళ్లు కాసే చెట్టు ఉన్న రైతుకే ఈ గతి పడితే, ఆరు నెలల పంట వేసే కౌలు రైతు సంగతి చెప్పేదేముంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. ఆ కార్డు గడువు పదకొండు నెలలు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే వెళ్లింది, దున్నేవాడికి రాలేదు. అక్కడ తొమ్మిదేళ్లు, ఇక్కడ పదకొండు నెలలు. పదకొండు నెలల రైతును పట్టుకుని, నేల ఆరోగ్యం గురించి, తేనెటీగల గురించి ఆలోచించవేమయ్యా అని ఉపన్యాసాలు ఇవ్వడం అన్యాయం. ప్రకృతి వ్యవసాయం గురించి మాట్లాడే అధికారులు ముందు కౌలు రైతుకు ఆ నేల మీద నిలబడే హక్కు ఇవ్వాలి.

మందు కొట్టే మనిషి ఒంటి సంగతి కూడా ఉంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఫ్రాన్స్‌లో 2012లో, పురుగుమందులతో పనిచేసిన వ్యవసాయదారులకు వచ్చే పార్కిన్సన్ వ్యాధిని వృత్తి వ్యాధిగా గుర్తించారు. అంటే వణుకుతున్న ఆ చేతులకు కారణం పని అని ప్రభుత్వమే ఒప్పుకుని సాయం చేయాలి. మన దగ్గర మందు కొట్టి పడిపోయినవాడిని ‘ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు’ అని వాడినే తప్పుపడతారు.

పక్క పొలం ప్రశ్న

ఇంతకుముందు వదిలిన ప్రశ్నకు వద్దాం. ఒక్కడు కొట్టనంటే పక్కవాడి పంట ఏం కావాలి?

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఎవరికి వాళ్లు ‘నా పొలం, నా ఇష్టం’ అనుకుంటే అది రైతు స్వేచ్ఛ కాదు. పురుగుకు గట్టు తెలియదు. అలాగని జిల్లా మొత్తానికి ఒకే మందు చల్లమని ఆఫీసులో కూర్చుని రాసేదీ శాస్త్రం కాదు. రెండిట్లోనూ పొలం చూసినవాడు లేడు. ముందు చూడాలి, అందరూ కలిసి చూడాలి, ఆ తర్వాత తేల్చాలి.

బర్గండీలో తర్వాత జరిగింది ఇదే. ఏటా శరదృతువులో రైతులు జట్లుగా తోటల్లో వరుస వరుస తిరిగి తెగులు తగిలిన తీగల్ని గుర్తించడం పెరిగింది. తెగులు ఉన్న చోటును బట్టి మందు కొట్టాల్సిన ప్రాంతాన్ని కుదించుకుంటూ వచ్చారు. నర్సరీ అంట్లను 50 డిగ్రీల వేడి నీళ్లలో 45 నిమిషాలు ఉంచితే తెగులు క్రిమి చస్తుంది. తెగులు రాకముందే ఆపే పని అది. ఒక రైతు కోర్టులో నిలబడి అడిగిన ప్రశ్నకు అసలు జవాబు తీర్పులో కంటే ఈ పనిలో ఉంది.

దీనికోసం మనం ఫ్రాన్స్ దాకా వెళ్లక్కర్లేదు కూడా. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2004 నాటికే పురుగుమందులు మానేసింది. పత్తి పండించే ఊరు అది. మందుల అప్పుల్లో మునిగిన ఊరు. అక్కడ కూడా అప్పు, మందు, కొనుగోలు మూడూ ఒక్క చేతిలోనే ఉండేవి. మొదట కొద్దిమంది రైతులు వేపగింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలతో సాగు చేసి చూశారు. తర్వాత మహిళా సంఘాలు ఆ పనిని భుజాన వేసుకున్నాయి. వేపగింజలు సేకరించి పొడి చేసి ఊళ్లోనే అందించాయి. ఒక్కో రైతు విడివిడిగా కాదంటే దుకాణదారు అప్పు ఆపేవాడు. ఊరంతా కాదంటే ఎవరికి ఆపుతాడు? ఆ తర్వాత కొద్ది ఏళ్లకే జనగామ దగ్గర ఏనబావి రసాయన ఎరువులు కూడా మానేసిన ఊరుగా పేరు తెచ్చుకుంది. జిబులోకు కోర్టులు, లక్షల సంతకాలు కావాల్సి వచ్చింది. పునుకులకు ఊరి ఐక్యత సరిపోయింది.

సంఘం చేయాల్సింది

ఈ అనుభవాల నుంచి మన ముందుకు వచ్చే పనులు స్పష్టంగానే ఉన్నాయి.

ప్రతి గ్రామ శాఖ వారానికి ఒకరోజు చేను చూసే రోజుగా పెట్టుకోవాలి. పదిమంది కలిసి ఊరి పొలాల్లో తిరగాలి. ఏ పురుగు ఎంత ఉంది, మిత్రపురుగు ఎంత ఉంది ఒక నోటుబుక్‌లో రాయాలి. మహిళా రైతులు, కూలీలు ఈ జట్టులో తప్పనిసరిగా ఉండాలి. కలుపు తీసే చేతులకు తెలిసినంతగా ఆకు అడుగున ఉన్న పురుగు ఇంకెవరికీ తెలియదు. మందు కొట్టాలా వద్దా అన్నది ఆ నోటుబుక్ చూసి తేల్చుకోవాలి, షాపు కౌంటర్ దగ్గర కాదు.

కౌలు రైతు కార్డుకు యజమాని సంతకం షరతు తీసేయాలని, కనీసం కొన్నేళ్ల కౌలుకు చట్టభద్రత ఉండాలని, బ్యాంకు అప్పు దున్నేవాడికి అందాలని పోరాడాలి. బ్యాంకు అప్పు అందిన రోజే మందుల షాపు ఖాతా పుస్తకం పలచబడుతుంది. అప్పు గురించి మాట్లాడకుండా పురుగుమందుల గురించి మాట్లాడటం వ్యర్థం.

గుజ్జు, పొడి, నూనె, బెల్లం ఏదైనా సరే, పంట పదార్థమయ్యే చోట రైతు ఉండాలి. ఒక్కో కుటుంబం సొంతంగా యంత్రాలు పెట్టుకోలేదు, నిజమే. 1901లోనే ఫ్రాన్స్‌లోని మారొసాన్ గ్రామంలో చిన్న ద్రాక్ష రైతులు సహకార సంఘంగా ఏర్పడి తమ వైన్ తామే అమ్ముకున్నారు. మనకూ సహకార చట్టాలున్నాయి. లేనిది సంఘాలను రాజకీయ నాయకుల చేతుల్లోంచి తీసి రైతుల చేతుల్లో పెట్టే పట్టుదల. ఉత్పత్తిదారుల కంపెనీల పేరుతో వచ్చే పథకాల్లో రైతు వాటాదారుగా కాగితం మీద ఉంటే చాలదు. ధర నిర్ణయించే గదిలో ఉండాలి.

నకిలీ మీద పోరాటం కూడా మన పనే. నకిలీ విత్తనం, నకిలీ మందు ప్రతి ఏడాదీ రైతును ముంచుతున్నాయి. 1907లో ఫ్రెంచి రైతులు చట్టం తెచ్చుకుని ఊరుకోలేదు, తనిఖీ కూడా తామే చేశారు. మన శాఖలు కూడా బిల్లు లేకుండా విత్తనం, మందు కొనవద్దని ప్రచారం చేయాలి. సంచి ముక్క, బిల్లు, కొంచెం విత్తనం దాచి ఉంచడం రైతులకు అలవాటు చేయాలి. నష్టపరిహారం అడిగే రోజున అవే మన సాక్ష్యం.

కుటుంబ సేద్యం అంటే పాతకాలపు ముచ్చట అని, పెద్ద కంపెనీలు వస్తేనే వ్యవసాయం బాగుపడుతుందని చెప్పేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఉండేవి. ఆ నేలల మీద చాలా చోట్ల ఇప్పుడు వెంచర్లు, అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఆ ద్రాక్షకు పేరుండేది, దాన్ని పండించిన రైతుల పేర్లు ఎవరికీ గుర్తులేవు. బర్గండీలో ఎకరం నేల కోట్లు పలికే చోట కూడా తీగలు ఇంకా నేలలోనే ఉన్నాయి. ఎందుకంటే ఆ నేలకు ఒక పేరుంది, ఆ పేరుకు ఒక రైతున్నాడు, ఆ రైతు వెనుక చట్టం, సంఘం ఉన్నాయి. ఆ మూడూ ఉన్న చోట రైతు కాదనగలడు.

వచ్చే ఖరీఫ్‌లో ఏ షాపువాడైనా ‘ఇది కొట్టండి’ అని డబ్బా చేతిలో పెట్టినప్పుడు, ‘ఆగు, మా జట్టు చేను చూసి చెబుతుంది’ అనగలిగిన రైతులు ప్రతి ఊళ్లో పదిమంది తయారు కావాలి. ఆ పదిమందిని తయారు చేయడమే మన గ్రామ శాఖల ముందున్న పని.